ఫీజు లేని దేశంలో అందరూ డిగ్రీ ఎందుకు చదవరు?

ప్రశ్న: జర్మనీలో యూనివర్సిటీ ఫీజులు లేవంటారు. అయినా అక్కడ చాలామంది డిగ్రీ జోలికే వెళ్లరట. మా వీధిలో ఆటో నడిపేవాళ్ల పిల్లలు కూడా బీటెక్ చదువుతున్నారు. ఎందుకీ తేడా? మా అబ్బాయిని ఎమ్మెస్‌కి అక్కడికి పంపాలని ఉంది.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నేనుండేది స్టుట్‌గార్ట్‌లోనే కాబట్టి చూసిందే చెబుతానమ్మా. మా పై అంతస్తు అబ్బాయి పదో తరగతి అవగానే ఎలక్ట్రీషియన్ శిక్షణలో చేరాడు. వారానికి ఒకటి రెండు రోజులు బడి, మిగతా రోజులు కంపెనీలో పని, మొదటి నెల నుంచే జీతం. దీన్ని ఆవుస్‌బిల్డుంగ్ అంటారు. మూడున్నరేళ్ల శిక్షణలోనూ వైద్య బీమా, పెన్షన్ జమ ఉంటాయి. ఆ ఇంట్లో ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. మన దగ్గర ఐటీఐ చేసిన పిల్లాడికి ఆ భరోసా ఏదమ్మా? అందుకే వైఎస్ హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ రాగానే అంతమంది ఇంజనీరింగ్‌కి వెళ్లారు. అందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు.

ఇక్కడా ఒకప్పుడు ఫీజులుండేవి. 2005లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు తర్వాత కొన్ని రాష్ట్రాలు సెమిస్టర్‌కు 500 యూరోల దాకా వసూలు చేశాయి. విద్యార్థులు రోడ్డెక్కారు. 2014కల్లా అన్నిచోట్లా ఎత్తేశారు. ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకు తిండికీ, అద్దెకూ 1971 నుంచి బాఫోగ్ అనే సాయం కూడా ఉంది. ఇప్పుడది సగం ఉచితం, సగం వడ్డీలేని అప్పు. తిరిగి కట్టాల్సింది 10,010 యూరోలు దాటదు.

ఇన్ని ఉన్నా నాకు మింగుడుపడనిది ఒకటుంది. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అవగానే, అంటే పదేళ్లకే, పిల్లల్ని వేర్వేరు బడులకు విడదీస్తారు. యూనివర్సిటీకి నేరుగా తీసుకెళ్లేది గిమ్నాజియుమ్. చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలే అందులో ఎక్కువ. ఇంట్లో జర్మన్ మాట్లాడని కూలీల పిల్లలకు పదేళ్ల వయసులో ఎవరు హోంవర్క్ చేయిస్తారు? పద్దెనిమిదేళ్లకు అందే ఉచిత సీటు ఆ పిల్లల దాకా రావడంలేదు. తర్వాత చేరే దారులున్నాయి గానీ, అవన్నీ చుట్టుదారులే.

ఇక మీ అబ్బాయి సంగతి. మా రాష్ట్రం బాడెన్-వూర్టెంబర్గ్‌లో 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. పైగా వీసా కోసం ఏడాది ఖర్చు బ్యాంకులో చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. ఏజెంటు ‘అంతా ఫ్రీ’ అంటే, ఏ రాష్ట్రమో, ఏ యూనివర్సిటీయో ముందు అడగండి.