సొంత గొంతు, పరాయి సొమ్ము

ప్రశ్న: నాలుగేళ్లుగా ఒక గృహిణి రాసే బ్లాగును వదలకుండా చదువుతున్నాను. అత్తగారి జబ్బు, పిల్లవాడి మొండితనం, ఫోనులో మాట్లాడుతూ మాడ్చుకున్న అన్నం వంటివే ఆమె రాతలు. ఈ మధ్య మోకాళ్ల నొప్పులకు తాను వాడుతున్నానని ఆమె రాసిన నూనెను మా అమ్మ కోసం తెప్పించాను. గుణమేమీ కనిపించలేదు. తరువాత చూస్తే అదే నూనెను దాదాపు అవే మాటలతో మరో ముగ్గురు మెచ్చుకున్నారు. ఆమె ఇచ్చిన కూపన్ కోడ్‌లో ఆమె పేరే ఉంది. నూనెకు పెట్టిన డబ్బు పోతే పోయింది, నాలుగేళ్లుగా నేను చదివినదంతా అబద్ధమేనా అన్నదే నా బాధ.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆమె రాసినదంతా అబద్ధం కాకపోవచ్చు. అత్తగారి జబ్బూ నిజమే కావచ్చు, మాడిన అన్నమూ నిజమే కావచ్చు. అవి నిజమని మీరు నమ్మారు కాబట్టే నూనె అమ్మదలచినవారికి ఆమె పనికివచ్చింది. అందువల్ల ‘ఆమె నిజాయితీపరురాలేనా’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే మనం ఎన్నాళ్లు తర్కించుకున్నా తేలదు. ‘ఈ టపాకు (బ్లాగులో పెట్టిన ఈ రాతకు) డబ్బు ఎవరిచ్చారు, ఆ సంగతి నాకు చెప్పారా’ అని అడిగితే మాత్రం సమాధానం దొరుకుతుంది.

ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా తేటతెల్లమైన ఉదంతం ఒకటి 2006లో అమెరికాలో జరిగింది. ఒక జంట, లోపల పడుకోవడానికీ వండుకోవడానికీ వీలున్న పెద్ద వాహనంలో లాస్‌వేగాస్ నుంచి జార్జియా వైపు ప్రయాణిస్తూ, రాత్రిళ్లు వాల్‌మార్ట్ దుకాణాల ముందుండే పార్కింగ్ స్థలాల్లో ఉచితంగా బస చేస్తూ, అక్కడ పరిచయమైన ఉద్యోగుల కథలను బ్లాగులో రాస్తూ వచ్చింది. వారికి ఎదురైన ఉద్యోగులందరూ తమ కొలువుతో తృప్తిగా ఉన్నవారే. అక్టోబరులో బిజినెస్‌వీక్ పత్రిక ఆరా తీసేసరికి, వాహనమూ ఇంధనమూ రాతలకు పారితోషికమూ ‘వర్కింగ్ ఫ్యామిలీస్ ఫర్ వాల్‌మార్ట్’ అనే సంఘం సమకూర్చినవని, ఆ సంఘానికి నిధులిస్తున్నది వాల్‌మార్టేనని, దానిని ఏర్పాటు చేసినది వాల్‌మార్ట్ ప్రచారం చూసుకునే ఎడెల్‌మన్ సంస్థ అని బయటపడింది. బ్లాగు రాస్తున్న ఆవిడ సోదరుడు ఆ ఎడెల్‌మన్ సంస్థలోనే ఉద్యోగి.

ఆ జంట అద్దెకు తెచ్చిన నటీనటులు కారు. ప్రయాణం ఆలోచన వారిదే, పార్కింగ్ స్థలాల్లో నిద్రపోయినదీ వారే, వారు పలకరించిన ఉద్యోగులూ నిజమైనవారే. బ్లాగు నెత్తిన ఆ సంఘం పేరు కూడా కనబడేది. ఆ సంఘం వెనుక ఉన్నది ఎవరన్న ఒక్క వాక్యం మాత్రం ఎక్కడా లేదు, ఆ వాక్యం లేకపోవడంతో మిగిలిన నిజాలన్నీ ప్రచార సామగ్రిగా మారిపోయాయి. సంస్థ అధిపతి రిచర్డ్ ఎడెల్‌మన్ బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. ఇలాంటి ప్రచారంలో ఎవరి తరఫున మాట్లాడుతున్నారో దాచరాదన్న నియమావళిని రాసినవారిలో ఆ సంస్థ కూడా ఉండడం వల్ల, తెలియక జరిగిందని చెప్పుకునే వీలు వారికి లేకపోయింది. ప్రకటనల్లో సిఫారసులపై 1980 నాటి తమ మార్గదర్శకాలను అమెరికా ప్రభుత్వ వాణిజ్య నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009 అక్టోబరులో సవరించి, డబ్బో వస్తువో తీసుకుని రాసే బ్లాగర్లు ఆ సంగతి వెల్లడించాలని స్పష్టం చేసింది.

ఇక మీ నూనె సంగతి. కూపన్‌లో ఆమె పేరు ఉండడానికి కారణం మీకు తగ్గింపు ఇవ్వడం ఒక్కటే కాదు. ఏ బ్లాగు నుంచి ఎందరు కొనుగోలుదారులు వచ్చారో లెక్కపెట్టుకోవడానికి కంపెనీ పెట్టుకునే గుర్తు అది, కమీషన్ కట్టేది సాధారణంగా ఆ లెక్క మీదనే. నలుగురి మాటలు ఒకేలా ఉండడానికి కూడా మాయామర్మం ఏమీ లేదు. కంపెనీకీ రాసేవారికీ మధ్యనుండే ఏజెన్సీ, ఏయే గుణాలు చెప్పాలో, ఏ రోజున పెట్టాలో, ఏ మాట తప్పక రావాలో సూచిస్తూ ‘బ్రీఫ్’ అనే కాగితం పంపుతుంది. 2015 మార్చిలో ఒకే వారాంతంలో 50 మంది ఫ్యాషన్ ప్రముఖులు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే గౌను తొడుక్కుని కనిపించారు. లార్డ్ అండ్ టేలర్ అనే దుకాణాల సంస్థ వారికి గౌనును ఉచితంగా ఇవ్వడమే కాకుండా, ఒక్కొక్కరికి 1,000 నుంచి 4,000 డాలర్ల వరకు చెల్లించింది. తమ పేరును ఏ విధంగా పేర్కొనాలో ఒప్పందంలో రాయించుకున్న ఆ సంస్థ, డబ్బు తీసుకున్నామని చెప్పాలన్న షరతు మాత్రం పెట్టలేదు. గౌను పూర్తిగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడాది ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థపై చర్య తీసుకుంది.

మన దేశంలో ఈ విషయంలో నియమాలు ఆలస్యంగా వచ్చినా, వచ్చినవి బాగానే ఉన్నాయి. ప్రకటనల రంగం తనకు తాను ఏర్పాటు చేసుకున్న ప్రమాణాల మండలి, అంటే ఆస్కీ, 2021 జూన్ 14 నుంచి అమలయ్యేలా ఇన్‌ఫ్లుయెన్సర్లకు (తమను అనుసరించేవారిని తమ మాటతో ప్రభావితం చేసేవారికి) మార్గదర్శకాలు ప్రకటించింది. డబ్బు గాని మరే ప్రయోజనం గాని అందుకుని చేసిన టపాపై ‘ప్రకటన’ అని గాని, అదే అర్థమిచ్చే ఆమోదిత పదం గాని ఉండాలి. అది మొదట్లోనే కనబడాలి, హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపి పెట్టకూడదు. 15 సెకన్ల లోపు వీడియో అయితే ఆ మాట కనీసం 3 సెకన్లు తెర మీద నిలవాలి, 2 నిమిషాలకు మించినదైతే ఆ సరుకు గురించి మాట్లాడినంతసేపూ ఉండాలి. ఆ పదం ఆంగ్లంలో గాని, ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలో గాని ఉండవచ్చునని మండలి అంటున్నది. పేజీ అంతా తెలుగులో రాసి, ‘కొలాబ్’ (కొలాబరేషన్‌కు పొట్టి పేరు) అన్న ఒక్క ముక్కను చిట్టచివర ఆంగ్ల అక్షరాల్లో అతికించడం మాట దక్కించుకోవడమే తప్ప పాఠకుడికి చెప్పడం కాదని నా అభిప్రాయం.

ఆస్కీ ప్రభుత్వ సంస్థ కాదు, దాని మాటకు చట్టబలం తక్కువ. చట్టబలం ఉన్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టానికి. దాని కింద 2022 జూన్ 9న తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు వచ్చాయి. సెలబ్రిటీలకూ ఇన్‌ఫ్లుయెన్సర్లకూ విడమరిచి చెబుతూ 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక చిన్న పుస్తకాన్ని విడుదల చేసింది. తప్పుదోవ పట్టించే ప్రకటన చేసినవారికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు, కొంతకాలం ఏ వస్తువునూ సిఫారసు చేయకుండా నిషేధించవచ్చు. మీరు ఫిర్యాదు చేయదలిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సంఖ్య 1915. నూనె నొప్పిని పోగొడుతుందని చెప్పిన ఆ టపాను ముందు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, ఎందుకంటే ఇలాంటి టపాలు ఫిర్యాదు చేసిన మర్నాడే మాయమైపోతుంటాయి.

ఇంకొక చిన్న చిట్కా. కొనుగోలు లింకును నొక్కేముందు దాని చిరునామాను కాపీ చేసి చూడండి. అమెజాన్ లింకులో ‘ట్యాగ్’ అన్న ఆంగ్ల పదం, సమానం గుర్తు, ఆ వెంట ఏదో ఒక పేరు, చివర 21 అన్న అంకె ఉంటే అది కమీషన్ తెచ్చే లింకు. కమీషన్ తీసుకోవడం నేరం కాదు, పైగా తాము సంపాదిస్తున్న సంగతి చెప్పాలన్నది ఆ పథకంలో చేరేవారికి అమెజాన్ పెట్టే షరతే. ఆ వాక్యం కనిపించని బ్లాగు రచయిత తన పాఠకుడికిచ్చిన మాటతో పాటు కంపెనీకిచ్చిన మాటనూ తప్పుతున్నట్టు.

బ్లాగర్లను ఇంతగా నిలదీసే హక్కు పత్రికలవారికి ఎక్కడిదని మీరు అడగవచ్చు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల డబ్బుతో అచ్చైన పొగడ్తలు వార్తల వేషంలో వచ్చాయి, ఆ వ్యవహారంపై ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘం 2010లో నివేదిక ఇచ్చింది, అందులో ఒకరు తెలుగు పాత్రికేయులే. కనుక ఈ జబ్బు ముందు మా ఇంట్లోనే పుట్టిందని ఒప్పుకోవడం మర్యాద.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. తెలుగు టైపు చేసే లేఖిని అనే వెబ్‌పేజీలో రాసి, తెలుగు బ్లాగులను ఒకచోట చూపే కూడలి అనే సైటులో మన టపా ఎప్పుడు కనిపిస్తుందా అని ఎదురుచూసిన రోజుల నుంచి ఊళ్ల గురించి, గుళ్ల గురించి బ్లాగు రాస్తున్నాను. ఒక రిసార్టువారు రెండు రాత్రులు మా దంపతులకు ఉచిత బస ఇస్తామని, నచ్చితే నాలుగు మాటలు రాయమని అడిగారు. ఉచితమని మాత్రం రాయవద్దు, రాత సహజంగా ఉండాలి అన్నారు. నేను డబ్బు తీసుకోను, లేని గొప్ప రాయను. ఇందులో తప్పుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, బసకు వెళ్లడంలో తప్పు లేదు, వారు పెట్టిన రెండో షరతుకు ఒప్పుకుంటే ఉంది. డబ్బు చేతులు మారలేదు కదా అన్న వాదన చెల్లదు, ఎందుకంటే వెల్లడించవలసిన ప్రయోజనాల జాబితాలో ప్రభుత్వం ప్రయాణాలను, హోటల్ బసలను పేరు పెట్టి చేర్చింది. ‘సహజంగా ఉండాలి’ అని వారు అనడంలోని అర్థం కూడా ఒకసారి ఆలోచించండి. మీరు ఇన్నేళ్లుగా సొంత ఖర్చుతో తిరిగి, బస్సు తప్పిపోయిన సంగతీ సత్రంలో దోమలు కుట్టిన సంగతీ రాసి సంపాదించుకున్న నమ్మకం వారికి కావాలి. అదే కావలసింది కాకపోతే పత్రికలోనే ప్రకటన వేయించుకునేవారు.

లేని గొప్ప రాయనన్న మీ మాటను నేను నమ్ముతాను. అయితే ఉన్న లోపాన్ని రాస్తారా? ఒకరింట భోజనం చేసి బయటికి వచ్చి పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పే అలవాటు మనవాళ్లకు లేదు, ఉండకూడదని కూడా మనం పిల్లలకు నేర్పుతాము. గదిలో వేడినీళ్లు రాకపోతే, మీకు ఆతిథ్యమిచ్చిన మేనేజరు ముఖం గుర్తుకొచ్చి, ‘పొద్దున్నే చల్లటి నీళ్ల స్నానం హాయిగా ఉంది’ అని రాసే ప్రమాదం ఉంది. అది అబద్ధం కానే కాదు. పాఠకుడికి మాత్రం వేడినీళ్ల సంగతి తెలియదు. ‘ఈ బస నాకు ఉచితంగా లభించింది’ అని మీరు మొదటి పేరాలో రాస్తే, మీ మెచ్చుకోలులో ఎంత తగ్గించుకుని చదవాలో పాఠకుడే నిర్ణయించుకుంటాడు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 2022 జూలై 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్ అనే సెక్షన్ అమలులోకి వచ్చి, వ్యాపార సంబంధంగా ఒకరికి ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన వస్తురూప ప్రయోజనం ఇచ్చినవారు దాని విలువపై 10 శాతం పన్ను మూలంలోనే (టీడీఎస్‌గా) కట్టాలని నిర్దేశించింది. కంపెనీ పంపిన ఫోనును ఇన్‌ఫ్లుయెన్సర్ తనవద్దే ఉంచుకుంటే అది ప్రయోజనం కిందికి వస్తుంది, వాడి తిప్పి పంపిస్తే రాదు అని పన్నుల బోర్డు వివరణ కూడా ఇచ్చింది. కానుక పెద్దదైతే దాని విలువ ఎంతో ఆదాయపు పన్ను శాఖకు తెలుస్తుంది, కంపెనీ పద్దుల్లో ఉంటుంది, రాసినవారికి తెలుసు. తెలియనిది ఆ రాతను నమ్మి గది బుక్ చేసుకునేవాడికి మాత్రమే.

కూడలి రోజుల ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఒక మాట. ఆ కాలపు తెలుగు బ్లాగులు కల్లాకపటం ఎరుగనివని మనం తరచు తలచుకుంటాము, నాకూ ఆ బెంగ ఉంది. కాని తెలుగు పేజీలకు గూగుల్ ప్రకటనలు చాలాకాలం వచ్చేవి కావు, తెలుగు చదివేవారిని కొనుగోలుదారులుగా లెక్కవేసిన కంపెనీలూ తక్కువే. మన అప్పటి నిరాడంబరతలో కొంత గుణం, కొంత గత్యంతరం లేకపోవడం. ఆ రిసార్టువారికి ఒక ఉత్తరం రాయండి, ఉచిత బస అని రాయడానికి సమ్మతిస్తేనే వస్తానని చెప్పండి. వద్దంటే ఆ రెండు రాత్రులు మీ డబ్బుతోనే ఇంకో చోట ఉండి రండి.

ప్రశ్న: మా వదిన ఇంట్లో ఆవకాయ, గోంగూర పచ్చళ్లు పెట్టి అమెరికాలోని తెలుగువాళ్లకు కొరియర్‌లో పంపుతుంది. నేను నా బ్లాగులో ఆ పచ్చళ్ల గురించి రాస్తుంటాను. ఆమె నాకు పైసా ఇవ్వదు. వదిన అని చెప్పాలా?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: చెప్పాలి. కుటుంబ సంబంధం కూడా ప్రభుత్వం పెట్టిన జాబితాలో ఉంది, పైసా ముట్టకపోయినా సరే. అయినా మీ విషయంలో భయపడవలసినదేమీ లేదనుకుంటాను, ‘ఇది మా వదిన పెట్టిన ఆవకాయ’ అని రాస్తే డాలస్‌లో ఉన్న తెలుగువారు ఇంకొక జాడీ ఎక్కువ తెప్పించుకుంటారే గాని తగ్గించుకోరు. పచ్చడిలో నూనె ఎక్కువైన ఏడాది ఆ సంగతి కూడా రాయండి, వదినగారు నాలుగు రోజులు మాట్లాడకపోతే ఆ బాధ్యత నా మీద వేయండి.