అద్దెకిచ్చిన ఇంటికి పన్ను ఓనరే కట్టాలి, అదీ ఏప్రిల్‌లోనే

హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకిస్తున్నాను, ఏటా వచ్చే ఇంటి పన్ను అద్దెకున్నవాళ్ల చేత కట్టించొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండీ. వాళ్లు ఎంత మంచివాళ్లైనా సరే, ఆ పని వాళ్ల చేతిలో పెట్టకండి.

కుషాయిగూడలో మా బాబాయి సరిగ్గా అదే చేశాడు. కింది పోర్షన్ అద్దెకిస్తూ, అద్దె కాస్త తగ్గించి, ఇంటి పన్ను మీరే కట్టుకోండని నోటిమాటగా ఒప్పుకున్నాడు. కొన్నేళ్లకి వాళ్లు ఖాళీ చేసి వెళ్లారు. తర్వాత మా చెల్లెలి పెళ్లికి ఇంటి మీద లోను కోసం వెళ్తే బ్యాంకువాళ్లు తాజా పన్ను రసీదు తెమ్మన్నారు. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నా ఫోన్‌లోనే కార్పొరేషన్ సైట్ తెరిచి పీటిన్ నంబర్, అంటే ఆ ఇంటి పన్ను గుర్తింపు సంఖ్య కొట్టాం. బకాయి ఒక గడిలో, దాని మీద వడ్డీ పక్క గడిలో. పిన్ని కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "బాబాయ్, వడ్డీ నెలకి రెండు శాతం" అన్నాను. ఆయన వెంటనే పాత కిరాయిదారుకి ఫోన్ కలిపాడు. ఆ నంబర్ ఎప్పుడో మారిపోయింది. కార్పొరేషన్ రికార్డులో ఉన్నది బాబాయి పేరు, నోటీసు వచ్చేదీ ఆయనకే. అద్దెకున్నాయనతో మీరేం మాట్లాడుకున్నారో వాళ్లకి అనవసరం.

ఇక లెక్క. మీ ప్రాంతాన్ని బట్టి చదరపు అడుగుకి నెలసరి అద్దె విలువ ఇంత అని వేసి ఉంచుతారు. ఉదాహరణకి 2 రూపాయలు, ఇల్లు 1,000 అడుగులు అనుకోండి. ఏడాదికి 24,000. నెలకి అద్దె విలువ 300 దాటితే పన్ను 30 శాతం, అంటే 7,200. అందులో ఇల్లు పాతబడే తరుగుదల కింద 10 శాతం తీస్తే 6,480, దాని మీద గ్రంథాలయ సెస్సు 8 శాతం కలిపితే దాదాపు 7,000. ఈ సెస్సు ఏటా కడుతున్నాం కదా, మీ పేటలో గ్రంథాలయం ఎలా ఉందో ఒక్కసారి వెళ్లి చూడండి. ఆంధ్రలో ఇల్లున్నవాళ్లకి ఈ లెక్క పనికిరాదు. అక్కడ 2021 నుంచి రిజిస్ట్రేషన్ విలువ మీద వేస్తున్నారు, ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని పరిమితి పెట్టారు.

ఏప్రిల్‌లో ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు. నా బాధంతా ఇక్కడే. క్రమం తప్పకుండా కట్టేవాడికి ఐదు శాతమా? ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాళ్లకి మాత్రం జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ కార్పొరేషన్) 2020లో, 2022లో, మళ్లీ 2024లో, 2025లో వడ్డీలో 90 శాతం మాఫీ చేసింది. మా బాబాయి కూడా అలాంటి స్కీములోనే గట్టెక్కాడు, కాదనను. కానీ ఠంచనుగా కట్టేవాళ్లకి ఇది చాలా అన్యాయం. ఎగ్గొట్టినవాడు మళ్లీ స్కీము వస్తుందిలే అని ధీమాగా కూర్చుంటాడు.

అద్దెకిచ్చేవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి. నెలకి 20,000 అద్దె వస్తే ఏడాదికి 2,40,000. అందులోంచి మీరు కట్టిన ఇంటి పన్ను 7,000 తీసేయొచ్చు. మిగిలిన 2,33,000లో 30 శాతం, అంటే 69,900, మరమ్మతులు చేయించినా చేయించకపోయినా మినహాయింపే. చివరికి ఆదాయంగా చూపించేది 1,63,100. ఇంటి పన్ను మినహాయింపు మాత్రం ఓనర్ కట్టినప్పుడే, అదీ ఏ సంవత్సరంలో కడితే ఆ సంవత్సరానికే. కిరాయిదారు కడితే మీకు ఆ లాభం పోయినట్టే.

కాబట్టి అగ్రిమెంట్‌లో కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ వాళ్లవని రాసుకోండి. ఇంటి పన్ను మీకు భారమనిపిస్తే ఆ మొత్తాన్ని పన్నెండుతో భాగించి అద్దెలోనే కలిపి అడగండి. రసీదు మాత్రం మీ దగ్గరే ఉండాలి.