జ్విఫ్ట్‌లో కిటుకుకీ మోసానికీ గీత ఎక్కడ?

బెంగళూరు మార్తహళ్లి ఫ్లాట్‌లో సైకిల్‌ను ట్రైనర్‌కు (ఉన్నచోటే తొక్కే స్టాండుకు) బిగించి, తొక్కే బలాన్ని బట్టి తెరమీద బొమ్మ సైకిల్ కదిలే జ్విఫ్ట్ ఆన్‌లైన్ రేసుల్లోకి దిగేవాళ్ల సందేహం ఇది: ఆటలోని లొసుగు వాడుకుంటే మోసమేనా?

నేను చూసేది ఒక్కటే: ఆటకు చేరే సమాచారం నిజమా, కాదా. నిటారు దిగుడులో పెడల్ ఆపి సూపర్‌టక్‌లో (ఒళ్లు బాగా వంచిన భంగిమలో) జారడం, గుంపు వెనక, గాలి నిరోధం తగ్గే డ్రాఫ్ట్‌లో దాక్కోవడం, పవర్‌అప్‌ను (ఆట ఇచ్చే తాత్కాలిక సాయాన్ని) చివరి ఎత్తుకు దాచుకోవడం... ఇవన్నీ ఆట తెలివే. ట్రైనర్ డిఫికల్టీ (ఎత్తు కాళ్లకు ఎంత బరువుగా తెలియాలో చెప్పే సెట్టింగ్) తగ్గించడమూ తప్పు కాదు. గేర్లు మార్చే అవసరం తగ్గుతుందే గానీ, ఎక్కడానికి కావలసిన వాట్లు (తొక్కే బలం) అవే.

బరువు సంగతి వేరు. 250 వాట్లు తొక్కే 75 కిలోల మనిషి 70 అని రాస్తే, కిలోకు 3.33 వాట్లు కాస్తా 3.57 అవుతుంది. ఆల్ప్ డు జ్విఫ్ట్ లాంటి 12 కిలోమీటర్ల ఎక్కుడులో ఆ తేడా నిమిషాల్లో కనిపిస్తుంది. ఇది పచ్చి మోసం. ఎత్తు తగ్గించి రాసినా అంతే, గాలి నిరోధం తగ్గుతుంది.

తెలియక జరిగే తప్పూ ఉంది. టైరును రోలర్‌కు నొక్కే ట్రైనర్ వేడెక్కినకొద్దీ రీడింగ్ మారుతుంది. ప్రతిసారీ టైరులో గాలి ఒకే పీఎస్‌ఐకి (ఒత్తిడికి) కొట్టి, పది నిమిషాలు తొక్కాకే స్పిన్‌డౌన్ (ట్రైనర్ రీడింగ్‌ను సరిచేసే పరీక్ష) చేయండి. ఎక్కువ చూపిస్తోందని తెలిసీ సరిచేయకపోతే మాత్రం అది పొరపాటు కాదు.

2019లో బ్రిటిష్ ఈ-రేసింగ్ టైటిల్ గెలిచిన కామెరాన్ జెఫర్స్, బాట్‌తో (తొక్కినట్టు నకిలీ సమాచారం పంపే ప్రోగ్రామ్‌తో) తొక్కించి, ఆటలో ఎంతో తొక్కితేగానీ దక్కని ట్రాన్ బైక్ సంపాదించినందుకు టైటిల్ పోగొట్టుకున్నాడు. ఆరు నెలల నిషేధం, 250 పౌండ్ల జరిమానా పడ్డాయి. రేసులో తొక్కింది సొంత కాళ్లతోనే, అయినా శిక్ష న్యాయమే: ఆ బైక్ కోసం మిగతావాళ్లు నిజంగా చెమటోడ్చారు.