కోర్టుకంటే ముందు ఊరికి వెళ్ళు

చిరంజీవి మేనకోడలికి,

పర్యావరణ కేసులే చేస్తానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు ఎంతో సంతోషంగా ఉంది. అమ్మ టెన్షన్ పడుతోందని తెలుసు, తనతో నేను మాట్లాడతాను.

వకాలత్ తీసుకున్నాక మొదట ఊరికి వెళ్ళు. నా తొలి కేసులో కాగితాలు చూసే పిటిషన్ రాసేశాను. తర్వాత వెళితే ఒక పెద్దావిడ బావిలోంచి చేద తోడి నా ముందు పెట్టింది. నీళ్ళు పల్చటి టీ రంగులో ఉన్నాయి. "రోజూ ఇలా ఉండవు బాబూ, వాన పడ్డ రాత్రే ఫ్యాక్టరీ నీళ్ళు వదులుతారు" అంది. ఆ ముక్క ఏ కాగితంలోనూ లేదు. శాంపిల్ తీసినవాళ్ళేమో ఎండ రోజున వచ్చి వెళ్ళారు.

ప్రాజెక్టు వాళ్ళు అనుమతి కోసం ఇచ్చే పర్యావరణ ప్రభావ నివేదిక చివరి పేజీదాకా చదువు, మ్యాపులతో సహా. నివేదికలో వాగే ఉండదు, ఊళ్ళో చూస్తే వాగు మీద వంతెన ఉంటుంది.

తేదీల దగ్గర మాత్రం ఏమరుపాటు వద్దు తల్లీ. పర్యావరణ అనుమతి మీద, ఈ కేసులు వినే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే ఇంకో 60. అది దాటితే ఎంత న్యాయమున్నా వినరు. ఒకసారి కొందరు రైతులు, అనుమతి సంగతి పేపర్లో వచ్చిన నాలుగో నెలలో నా దగ్గరికి వచ్చారు. వాళ్ళను ఉత్త చేతులతో పంపిన బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే ఈ అనుమతుల వివరాలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్, పరివేష్ పోర్టల్, వారానికోసారి చూడు.

సైన్సు రాదని భయపడకు, తెలిసినవాళ్ళను అడుగు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్ళకు సంబంధించిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ఏమందో చదివావా? హాని జరగదని రుజువు చేసుకోవాల్సింది ఫ్యాక్టరీ వాళ్ళేనంది. గిరిజన ప్రాంత భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదన్న సమత కేసు తీర్పు (1997) కూడా చదువు. మన విశాఖ మన్యం భూముల కథే అది.

డబ్బు నెమ్మదిగా వస్తుంది. సివిల్ కేసులూ పక్కన పెట్టుకో, ఇల్లు గడవాలిగా. పర్యావరణ లాయరు ఎం.సి. మెహతా జమ్మూ కాశ్మీర్‌లోని రాజౌరీ నుంచి ఢిల్లీకి వచ్చి 1984లో తాజ్‌మహల్ కేసు వేస్తే, తీర్పు 1996 డిసెంబర్‌లో వచ్చింది.

వచ్చే నెల గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌లో నాకొక కేసుంది. ముందురోజే బయల్దేరి రా, ఫైలు ఇద్దరం కూర్చుని చదువుదాం.

నీ మామయ్య