‘చరిత్రలో ఈ రోజు’ రాయబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి మీ పత్రికలో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. డెస్కులో కొందరు దీన్ని మిగిలిన జాగా నింపే పనిగా చూస్తారు, నువ్వు మాత్రం అలా చూడకు. పొద్దున్నే పేపరు విప్పి ముందు ఆ నాలుగు లైన్లే చదివే వాళ్లున్నారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వాటిని కత్తిరించి దాచుకుంటారు. అక్కడ ఒక తేదీ తప్పు పడిందంటే అది ఎంతమంది నోట తిరుగుతుందో మనకు తెలియను కూడా తెలియదు. అందుకే ఉత్తరం కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పేది ఒకటుంది. ఏ సంఘటనైనా ఫలానా తేదీ కింద ఎందుకు ఉందో నీకు తెలిసిన తర్వాతే రాయి. ‘అన్ని చోట్లా అలాగే ఉంది కదా మామయ్యా’ అంటావేమో. అన్ని చోట్లా ఉండేది చాలాసార్లు ఒకరి దగ్గర నుంచి ఒకరు ఎత్తిరాసిందే అయి ఉంటుంది.

చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన రోజునే తీసుకో. 1969 జులై 20 అని రాసేస్తాం. అమెరికా గడియారం ప్రకారం అది నిజమే, అక్కడ అప్పుడు రాత్రి పదిన్నర దాటింది. మన దేశంలో మాత్రం జులై 21 తెల్లవారింది. చంద్రుడి మీదికి వాళ్లను దించిన నౌక ఈగల్ దిగింది మన టైం ప్రకారం రాత్రి 1.47కి, ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టింది ఉదయం 8.26కి. ‘ఆ రోజు పొద్దున రేడియోలో విన్నాను’ అని ఏ పెద్దాయనో 21వ తేదీ చెబితే ఆయన జ్ఞాపకాన్ని తప్పు పట్టకు. పెర్ల్ హార్బర్ దాడి కూడా అంతే. హవాయిలో డిసెంబర్ 7, జపాన్‌లో అప్పటికే 8. యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజును పడమటి దేశాలు మే 8న జరుపుకుంటాయి, రష్యా 9న జరుపుకుంటుంది. బెర్లిన్‌లో జర్మనీ లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగేసరికి మాస్కోలో అర్ధరాత్రి దాటిపోయింది. ఇలాంటి చోట రెండు తేదీల్లో ఏది వాడినా ఫర్వాలేదు. ఎక్కడి లెక్కో ఒక్క మాట జోడించు, చాలు.

దీనికన్నా పెద్ద గొయ్యి పాత క్యాలెండర్, అంటే జూలియన్ క్యాలెండర్. 1582లో పోప్ గ్రెగరీ ఆ క్యాలెండర్‌ను సంస్కరించడంతో రోము, స్పెయిన్ వంటి చోట్ల అక్టోబర్ 4 మర్నాడు 15 అయింది. బ్రిటన్ 1752 దాకా మారలేదు, రష్యా 1918 దాకా మారలేదు. అందుకే రష్యా అక్టోబర్ విప్లవం నవంబర్ 7న వస్తుంది. ఇంగ్లండ్ నాటకకర్త షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న ఒకే రోజు పోయారన్న మాట ప్రతి ఏడాదీ ఎక్కడో ఒకచోట అచ్చవుతూనే ఉంటుంది. కాగితం మీద తేదీ ఒకటే గానీ ఇంగ్లండ్ అప్పటికింకా పాత లెక్కలోనే ఉంది. స్పెయిన్ లెక్కలో చూస్తే షేక్‌స్పియర్ పోయింది మే 3న. పైగా సెర్వాంటెస్ కన్నుమూసింది 22న, 23 ఆయన్ను ఖననం చేసిన రోజు. చదవడానికి ముచ్చటగా ఉంటుందని ఇలాంటివి వదలబుద్ధి కాదు. వదిలెయ్యి తల్లీ. లేదా ఈ తేడానే ఐటెంగా రాయి, నన్నడిగితే అదే ఎక్కువ బాగుంటుంది.

మన రాజుల కాలానికి వెళ్తే తిథులు వస్తాయి. శకం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం అన్నీ శాసనంలో ఉంటాయి, ఇంగ్లీషు తేదీ ఉండదు. శ్రీకృష్ణదేవరాయల మరణం సంగతి చూడు. చాలాకాలం 1529 అని మాత్రమే రాసేవాళ్లం. కర్ణాటకలోని తుమకూరు దగ్గర హొన్నేనహళ్లిలో దొరికిన కన్నడ శాసనాన్ని చదివాక 1529 అక్టోబర్ 17, ఆదివారం అని తేలింది. శాసనంలో కార్తీక పౌర్ణమి అనీ, చంద్రగ్రహణం అనీ ఉంది. లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి వారం, గ్రహణం ఎంత సాయం చేస్తాయో గమనించు. ఈ 17 కూడా పాత జూలియన్ లెక్క ప్రకారమే. చరిత్రకారులు 1582కి ముందు తేదీలను అలాగే రాస్తారు, నువ్వూ అలాగే ఉంచు.

ఇక కావాలని ఎంచుకున్న తేదీలు ఉంటాయి. ఇవి దొరికితే వదలకు, ఎందుకంటే ఇక్కడ తేదీయే కథ. రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26న. పౌరసత్వం, ఎన్నికల వంటి కొన్ని అధికరణాలు ఆ రోజే అమల్లోకి వచ్చాయి కూడా. మిగతాదానికి జనవరి 26 దాకా ఆగారు. 1930లో దేశమంతా పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చేసిన రోజు అది. స్వాతంత్ర్యం ఆగస్టు 15న రావడంతో జనవరి 26 వెనకబడిపోయింది, దాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. మరి ఆగస్టు 15ను ఎంచుకున్నది మౌంట్‌బాటన్, జపాన్ లొంగిపోయిన రోజుకు రెండేళ్లు నిండుతాయని. ఒకే దేశానికి రెండు పండగ రోజులు, ఒకటి ఉద్యమం ఎంచుకున్నది, ఇంకొకటి వైస్రాయ్ ఎంచుకున్నది. ఈ ముక్క రాశావంటే పాఠకుడికి ఆ రెండు తేదీలు ఇక మరుపుకు రావు.

మార్చిన తేదీలూ ఉంటాయి. భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను లాహోర్ జైల్లో ఉరి తీయాల్సింది 1931 మార్చి 24 ఉదయం. ముందు రోజు సాయంత్రమే తీసేశారు. జనానికి తెలియకుండా సట్లెజ్ ఒడ్డుకు తీసుకెళ్లి దహనం చేశారు. మార్చి 23 అని మనం రాసే తేదీలో బ్రిటిష్ ప్రభుత్వం భయం ఉంది. ఆ సంగతి లేకుండా ఉత్త తేదీ వేస్తే నాకు మనసొప్పదు.

ఇప్పుడు ఒకే తేదీన వచ్చే వేర్వేరు ఏళ్ల సంఘటనల సంగతి. సెప్టెంబర్ 11ని తీసుకుందాం. 1893లో షికాగో సర్వమత మహాసభలో వివేకానందుడి ప్రసంగం. 1906లో దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్‌లో భారతీయుల సభ. 1973లో చిలీలో సైనిక కుట్ర, అధ్యక్షుడు అయెందే మరణం. 2001లో న్యూయార్క్ జంట టవర్ల మీద దాడి. నాలుగూ పక్కపక్కన పడగానే వీటి మధ్య ఏదో సంబంధం ఉందన్నట్టు రాయాలనిపిస్తుంది. రాయకు. ఏడాదికి ఉన్నవే 365 రోజులు, పెద్ద సంఘటనలు ఒకే తేదీన కలవక తప్పదు.

ఈ నాలుగింటిలో నేనైతే ఎక్కువ జాగా జోహాన్నెస్‌బర్గ్‌కు ఇస్తాను. మిగతా మూడూ పాఠకుడికి ఎంతో కొంత తెలుసు. ఎనిమిదేళ్లు దాటిన ప్రతి భారతీయుడూ వేలిముద్రలిచ్చి పేరు నమోదు చేసుకోవాలని, జోహాన్నెస్‌బర్గ్ ఉన్న ట్రాన్స్‌వాల్ ప్రాంతపు ప్రభుత్వం ఆర్డినెన్స్ తెస్తోంది. థియేటర్ కిక్కిరిసిపోయింది. లొంగేది లేదన్న తీర్మానాన్ని దేవుడి మీద ప్రమాణం చేసి ఆమోదించాలని సేఠ్ హాజీ హబీబ్ అన్నారు. గాంధీ ఉలిక్కిపడ్డారు. ప్రమాణమంటే మామూలు తీర్మానం లాంటిది కాదని, జైలుకు పోవాల్సి వస్తుందని, ఒంటరిగా మిగిలినా నిలబడగలరో లేదో ఎవరికి వారు గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకోవాలని లేచి చెప్పారు. ఆ తర్వాత అందరూ నిలబడి చేతులెత్తి ప్రమాణం చేశారు. మర్నాడే ఆ థియేటర్ తగలబడిపోయింది. ఆర్డినెన్స్‌కూ ఇదే గతి పడుతుంది, మంచి శకునం అని మిత్రులు అభినందించబోతే, అలాంటి శకునాలకు తానెప్పుడూ విలువ ఇవ్వలేదని గాంధీ తర్వాత రాసుకున్నారు. ఈ శీర్షిక రాసే మనిషికి అంతకన్నా మంచి మాట ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పు?

ఇంకో సంగతి. పెద్ద వార్త ఉన్న రోజున చిన్నది మునిగిపోతుంది. 1948 జనవరి 30 అనగానే మనకు గాంధీ హత్య తప్ప ఇంకేదీ తట్టదు, తట్టనక్కర్లేదు కూడా. కానీ అదే రోజు అమెరికాలో ఆర్విల్ రైట్ పోయాడు. మొదటి విమానం నడిపిన మనిషి. ఆయనకు ఆ రోజు ఒక్క వాక్యమే ఇవ్వు, డిసెంబర్ 17న మాత్రం మనసు పెట్టి రాయి. 1903లో కిట్టీ హాక్ దగ్గర ఇసుక నేల మీద అన్నదమ్ములిద్దరూ నాలుగుసార్లు ఎగిరారు. మొదటిది 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోది 59 సెకన్లు, 852 అడుగులు. చూసిన వాళ్లు అయిదుగురే. కాసేపటికే గాలి వచ్చి విమానాన్ని బోర్లా కొట్టింది, అది మళ్లీ ఎగరలేదు. సాయంత్రం తండ్రికి టెలిగ్రాం ఇచ్చారు. అందులో 59 సెకన్లు కాస్తా 57 అయింది, ఆర్విల్ పేరు స్పెల్లింగ్ కూడా తప్పు పడింది. చేసిన మనిషి అదే రోజు పంపిన కాగితంలోనే రెండు తప్పులు! ‘ఆనాటి ఆధారం దొరికింది’ అని సంబరపడే ముందు ఇది గుర్తు తెచ్చుకో. ఇంకో ఆధారంతో పోల్చి చూడకుండా ఏ అంకెనూ వదలకు.

పాత పేపర్ల నుంచి తీసుకునేటప్పుడు పై తేదీ చూసి రాసెయ్యకు. అది అచ్చయిన రోజు. వార్త మొదట్లో ఊరు, తేదీ ఉండే డేట్‌లైన్ చూడు, లోపల ‘నిన్న’, ‘ఈ రోజు’ అన్నది ఆ డేట్‌లైన్‌తో లెక్కపెట్టు. తేదీల్లో ఒకరోజు తేడా ఎక్కువగా పుట్టేది ఇక్కడే. పుట్టిన రోజులు, పోయిన రోజుల జాబితాతో జాగా నింపడం నాకు నచ్చదు గానీ, అది మీ ఎడిటర్ ఇష్టం.

టెన్షన్ పడకు. రోజుకు అయిదారు ఐటెంలు ఉండాలని రూలేమీ లేదు. మూడు గట్టివి చాలు, అందులో ఒకటి కాస్త వివరంగా ఉంటే ఇంకా మంచిది. నెల ముందుగానే జాబితా వేసుకో, రాత్రి పేజీ వెళ్లే టైంలో వెతుక్కోవద్దు.

మొదటి వారానివి రాయగానే నాకు పంపు. ప్రతి ఐటెం పక్కన అది ఎక్కడ చూశావో ఉండాలి. పేపరైతే ఏ తేదీది, పుస్తకమైతే ఏ పేజీ. అవి లేకుండా పంపితే తిప్పి పంపిస్తాను, మేనకోడలివని చూడను.

ఇట్లు,
మీ మామయ్య