టెక్ సందేహాలు: పాత సిస్టమ్ కనిపించలేదని తలుపులన్నీ తీసేస్తారా?

"ఇంట్లో పాత డెస్క్‌టాప్, కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉన్నాయి. రెండూ ఒకే రౌటర్‌కు కలిపాను. డెస్క్‌టాప్‌లో షేర్ చేసిన ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లో కనిపించలేదు. ఒక వీడియో చూసి ఎస్‌ఎంబీ1 ఆన్ చేశాను, ఫైర్‌వాల్ ఆఫ్ చేశాను, పాస్‌వర్డ్ అడగకుండా ఫోల్డర్‌కు 'ఎవ్రీవన్ – ఫుల్ కంట్రోల్' ఇచ్చాను. ఇప్పుడు పనిచేస్తోంది. ఇలాగే ఉంచేయవచ్చా?" – తెనాలి నుంచి ఒక పాఠకుడు.

ఉంచకండి. ఈ రోజే వెనక్కి తిప్పండి. ఎస్‌ఎంబీ అంటే సిస్టమ్‌లు నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి మాట్లాడుకునే భాష, ఎస్‌ఎంబీ1 దాని పాత రూపం. 'ఎవ్రీవన్ – ఫుల్ కంట్రోల్' అంటే ఆ ఫోల్డర్‌లో ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చని.

ఇదే ప్రశ్న కొద్ది తేడాలతో ప్రతి నెలా వస్తోంది. డెస్క్‌టాప్‌లో ఏ విండోస్ ఉందో మాత్రం ఎవరూ రాయరు. ఈయనా రాయలేదు. సమాధానమంతా దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి రెండు రకాలకూ చెబుతాను.

అది విండోస్ 7 అయితే మీకు ఎస్‌ఎంబీ1 అవసరమే లేదు. విస్టా నుంచే విండోస్‌కు ఎస్‌ఎంబీ2 వచ్చింది. విండోస్ 7, విండోస్ 11 దానితో శుభ్రంగా మాట్లాడుకుంటాయి. మరి ఎందుకు కనిపించలేదు? నెట్‌వర్క్ విండోలో పక్క సిస్టమ్‌ల పేర్లు చూపించే పాత పద్ధతి ఎస్‌ఎంబీ1 మీద నడిచేది. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో ఎస్‌ఎంబీ1 ఇవ్వడం మానేశారు. దాంతో పేర్ల జాబితా పోయింది, ఫోల్డర్ మాత్రం అక్కడే ఉంది. మరుసటి ఏడాది, ఇంట్లో సిస్టమ్‌ల మధ్య ఫైళ్లు పంచుకునే హోమ్‌గ్రూప్ సదుపాయాన్నీ ఎత్తేశారు. తీసేయడం సరైన నిర్ణయమే. కానీ ఎందుకు తీశారో, బదులుగా ఏం చేయాలో తెర మీద ఒక్క ముక్క చెప్పకుండా 'నెట్‌వర్క్ పాత్ దొరకలేదు' అని ఎర్రర్ నంబర్ పడేస్తే ఇంట్లో కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? వీడియోలు వెతుక్కుంటాడు. ఆ వీడియోల్లో మొదటి సలహా ఫైర్‌వాల్ ఆపేయమనే.

చేయాల్సింది ఇది. రెండు సిస్టమ్‌లలోనూ మీ నెట్‌వర్క్ 'పబ్లిక్' అని ఉంటే మార్చండి. విండోస్ 11లో 'ప్రైవేట్', విండోస్ 7లో 'హోమ్' అని ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి డెస్క్‌టాప్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) ఇవ్వండి, \\192.168.1.5 లాగా. చాలామందికి ఇక్కడే పనైపోతుంది. పేరు కూడా కనబడాలంటే డెస్క్‌టాప్ సర్వీసెస్‌లో 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్'ను ఆటోమేటిక్ చేయండి.

యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగితే విసుక్కోకండి, అడగాలి. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అవడాన్ని విండోస్ ఒప్పుకోదు. డెస్క్‌టాప్‌లో షేరింగ్ కోసమే ఒక యూజర్‌ను సృష్టించి, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, ఫోల్డర్‌ను ఆ యూజర్‌కే ఇవ్వండి. చూసుకుంటే చాలనుకుంటే 'రీడ్' మాత్రమే ఇవ్వండి. 2024లో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్ తర్వాత విండోస్ 11 ప్రో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లను మామూలుగా తెరవనివ్వదు. సరైన అకౌంట్ ఉంటే దానితోనూ పేచీ ఉండదు. ఇటు నుంచి అటు, అంటే విండోస్ 7లో కూర్చుని ల్యాప్‌టాప్ ఫోల్డర్ తెరిచేటప్పుడు ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ల్యాప్‌టాప్ తెరిచే పిన్ నంబర్ కొడతారు. పిన్ ఆ ఒక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడే పనికొస్తుంది. ఇక్కడ అకౌంట్ పాస్‌వర్డ్ కావాలి.

ఇక అది విండోస్ ఎక్స్‌పీ అయితే దానికి ఎస్‌ఎంబీ1 తప్ప వేరే భాష రాదు. తెనాలిలోనే కాదు, మన ఊళ్లలో ఇళ్ల నుంచే శుభలేఖలు, కరపత్రాలు డిజైన్ చేసేవాళ్ల దగ్గర ఇవి ఇంకా బతికే ఉన్నాయి. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో చేసిన ఇరవై ఏళ్ల పని వాటిలో ఉంది. అది అన్ని సిస్టమ్‌లకూ అర్థమయ్యే యూనికోడ్ కాదు కాబట్టి మరో సిస్టమ్‌లో తెరిస్తే అక్షరాలు చెదిరిపోతాయని భయం. ఆ భయం న్యాయమైనదే, ఆ సిస్టమ్ పారేయమని నేను చెప్పను. కానీ దాన్ని నెట్‌వర్క్ నుంచి పూర్తిగా విడదీయండి. ఫైళ్లను పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకోండి, ల్యాప్‌టాప్‌లో స్కాన్ చేశాకే తెరవండి. ఎక్కువ డేటా ఉంటే హార్డ్‌డిస్క్ బయటికి తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి ఒక్కసారే కాపీ చేసుకోవచ్చు. పాత డిస్కులు ఐడీఈ రకం (వెడల్పు కేబుల్ తగిలేవి) అయ్యే అవకాశం ఎక్కువ, అడాప్టర్ కొనేముందు చూసుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే 2017 మే 12 నాకు గుర్తుంది. ఆ రోజు వానాక్రై వైరస్ మొదలైంది. ఎవరూ లింక్ నొక్కనక్కర్లేదు, అటాచ్‌మెంట్ తెరవనక్కర్లేదు. ఒక సిస్టమ్‌లో చేరిందంటే, 445వ పోర్టు (ఫైల్ షేరింగ్ వాడే నెట్‌వర్క్ ద్వారం) తెరిచి ఎస్‌ఎంబీ1తో మాట్లాడే పక్క సిస్టమ్‌లోకి దానంతట అదే పాకింది. ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. బ్రిటన్‌లో ఆస్పత్రుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది దూరిన లోపాన్ని సరిచేసే ప్యాచ్ రెండు నెలల ముందు, మార్చి 14నే వచ్చింది. వేసుకోనివాళ్లు పోగొట్టుకున్నారు. ఎక్కువగా దెబ్బతిన్నవి ఎక్స్‌పీలు అనుకుంటారు, కాదు, విండోస్ 7 సిస్టమ్‌లు.

"మేం ఇంటి రౌటర్ వెనక ఉన్నాం, బయటివాళ్లు 445కి ఎలా వస్తారు?" అని అడుగుతారు. బయటి నుంచి నేరుగా రావడం కష్టమే. వచ్చేది లోపలి నుంచి. సెలవులకు అబ్బాయి హాస్టల్ నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ మీ వైఫైలోనే కలుస్తుంది. పక్కింటివాళ్లకు పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటారు, వాళ్లింటికి వచ్చిన చుట్టాల ల్యాప్‌టాప్‌లూ అందులోనే. ఫైర్‌వాల్ ఆపేసిన డెస్క్‌టాప్ వీటన్నిటికీ ఎదురుగా ఉంది. 'ఎవ్రీవన్ – ఫుల్ కంట్రోల్' ఇంకా ప్రమాదం. వీటిలో ఏ ఒక్కదానిలో ఫైళ్లకు తాళం వేసే వైరస్ ఉన్నా, ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లనూ వదలదు. ఫొటోల బ్యాకప్ కూడా అందులోనే పెట్టుకుంటే అదీ పోతుంది.

"ల్యాప్‌టాప్ వైఫై నెట్‌ను కేబుల్‌తో పాత డెస్క్‌టాప్‌కు ఇస్తున్నాను. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆగిపోతోంది." – నిజామాబాద్ నుంచి.

తప్పు మీది కాదు. నాలుగు నిమిషాలు డేటా కదలకపోతే ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ సర్వీస్ ఆగిపోయేలా విండోస్ 10 నుంచి మార్చారు, మళ్లీ దానంతటది మొదలవదు. షేరింగ్ టిక్ తీసి మళ్లీ పెడితే వస్తుంది. డెస్క్‌టాప్ ఐపీ 192.168.137తో మొదలైతే షేరింగ్ నడుస్తున్నట్టు, 169.254తో మొదలైతే ఆగినట్టు. రోజూ ఈ అవస్థ ఎందుకు, డెస్క్‌టాప్‌కు ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనండి. నెట్ వచ్చినా సైట్లు తెరుచుకోకపోతే ముందు తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, సైట్ల భద్రతా సర్టిఫికెట్లన్నీ చెల్లవని బ్రౌజర్ మొండికేస్తుంది. అది ఎక్స్‌పీ అయితే మాత్రం తేదీ సరిచేసినా దాని సొంత బ్రౌజర్‌లో నేటి సైట్లు చాలావరకు తెరుచుకోవు, సైట్లు డేటాను రహస్యంగా పంపడానికి వాడే టీఎల్‌ఎస్ 1.2 పద్ధతి దానికి తెలియదు. దానికి నెట్ ఇవ్వనే వద్దు.

ఈ షేరింగ్ గొడవంతా ఎందుకని యూఎస్‌బీ పోర్టు ఉన్న రౌటర్ కొని, దానికి హార్డ్‌డిస్క్ తగిలిద్దామనుకుంటున్నారు కొందరు. ఈ రకం రౌటర్ల మీద నాకు నమ్మకం లేదు. పెట్టె మీద 'ఇంట్లోనే మీ సొంత క్లౌడ్' అని రాస్తారు. లోపల చూస్తే కొన్నిటిలో షేరింగ్ ఇంకా ఎస్‌ఎంబీ1లోనే, పాస్‌వర్డ్ లేకుండానే. కొన్నిటికి త్వరగానే అప్‌డేట్లు ఆగిపోతాయి. విండోస్ 2017లోనే మాన్పించడం మొదలుపెట్టిన దాన్ని, అలాంటి పెట్టెను అందుకోవడం కోసం మీరు ల్యాప్‌టాప్‌లో మళ్లీ ఆన్ చేయాల్సి వస్తుంది. అమ్మేటప్పుడు ఈ మాట చెప్పని తయారీదారుల మీద నాకు కోపం. కనెక్షన్ పెట్టడానికి వచ్చిన టెక్నీషియన్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చకుండా వెళ్లిపోతే, ఆ డిస్కులో మీ పాన్ కార్డు స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు ఉన్నాయని ఎవరికి పట్టింది?

తెనాలి పాఠకుడికి: ముందు ఫైర్‌వాల్ ఆన్ చేయండి. తర్వాత ల్యాప్‌టాప్‌లో 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్' తెరిచి ఎస్‌ఎంబీ1 టిక్ తీసి రీస్టార్ట్ చేయండి. ఫోల్డర్ నుంచి ఎవ్రీవన్‌ను తొలగించండి. డెస్క్‌టాప్‌లో ఏ విండోస్ ఉందో చూసి రాయండి. విండోస్ 7 అయి, పైన చెప్పినట్టు చేసినా ఫోల్డర్ తెరుచుకోకపోతే, తెర మీద వచ్చిన మెసేజ్‌ను ఫొటో తీసి పంపండి.