రోడ్డు వైపు కిటికీకి ముందు సందులు మూయండి, కర్టెన్ల సంగతి తర్వాత

తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర అద్దెకుంటున్నామని, ఏడు నెలల పాప తెల్లవారుజామున మూడింటికే హారన్లకు ఉలిక్కిపడి లేస్తోందని రాశారు. ఓనరు కిటికీ మార్చనివ్వడం లేదు కాబట్టి దళసరి కర్టెన్లు కొంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోవు. కొనకముందే అడిగి మంచి పని చేశారు.

నేను కపిలతీర్థం రోడ్డు పక్కన రెండో అంతస్తులో నాలుగేళ్లు అద్దెకున్నాను. మన ఊళ్లో రాత్రి సంగతి మీకూ తెలుసు. అర్ధరాత్రి తిరుమల ఘాట్ రోడ్డు మూశాక కాస్త సద్దుమణుగుతుంది. మూడింటికి మళ్లీ తెరుస్తారు కాబట్టి రెండున్నర నుంచే జీపులు, టెంపోలు, కొండ బస్సులు వరసకడతాయి. సరిగ్గా గాఢనిద్ర పట్టే వేళ అది. అప్పుడు అమ్మ మా దగ్గరే ఉండేది. ఆమెకు బీపీ. రోజూ ఆ వేళకు లేచి మంచం మీద కూర్చుని తెల్లారేదాకా అలాగే ఉండిపోయేది. అది చూడలేక నేను ముందు చేసిన పని కర్టెన్లు కొనడమే. ఏడు వేలు పెట్టాను. గదిలో మాట్లాడితే ప్రతిధ్వని తగ్గింది కానీ, బస్సు చప్పుడు ఎంతుందో అంతే ఉంది. బట్ట గది లోపల తిరిగే శబ్దాన్ని కొంత పీల్చుకుంటుంది. బయటి నుంచి వచ్చేదాన్ని ఆపే బరువు దానికి లేదు. గోడలకు అంటించే నల్ల స్పాంజి షీట్లూ ఇంతే, వాటి జోలికి పోకండి.

దారి చూపించింది చంద్రగిరిలో వడ్రంగి పని చేసే మా చిన్నాన్న. ఇంటికొచ్చి కిటికీ దగ్గర కాసేపు నిలబడి, "గాలి దూరే చోటంతా శబ్దం దూరతాదిరా. ముందు సందులు మూయి, అద్దం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఫ్యాను ఆపించి, అగరుబత్తి వెలిగించి కిటికీ అంచుల వెంట మెల్లగా తిప్పాడు. పొగ ఎక్కడ వంగితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. రెండు రెక్కలు కలిసే చోట, గడియ పక్కన, పుట్టీ ఎండి రాలిపోయిన అద్దం చుట్టూ, అన్నిటికన్నా ఎక్కువగా పైనున్న వెంటిలేటర్‌లో పొగ వంగింది. ఆ వెంటిలేటర్‌ను నేను అసలు లెక్కలోకే తీసుకోలేదు. దానికి అడ్డంగా పెట్టిన అద్దపు పలకల మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉంది. అంత ఖాళీ వదిలేసి కింద ఎంత మంచి అద్దం పెట్టినా ఫలితం ఉండదు.

ఆ ఆదివారమే పని మొదలుపెట్టాం. రెక్కలు వచ్చి ఆనే అంచుకు, లోపల బోలుగా ఉండే రబ్బరు పట్టీ అంటించాం. హార్డ్‌వేర్ షాపుల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. మామూలు స్పాంజి టేపు చవకే కానీ ఒక ఎండాకాలానికే అణిగిపోతుంది. అద్దం చుట్టూ సిలికాన్ పెట్టాం. వెంటిలేటర్‌కు లోపలి వైపు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క కోసి, చుట్టూ రబ్బరు పట్టీ అంటించి బిగుతుగా దూర్చాం. ఎక్కడా మేకు కొట్టలేదు.

తెల్లవారుజామున మూడున్నరకు, ఒకే చోట ఫోను పెట్టి చప్పుడు కొలిచేవాణ్ణి. ఫోను చూపించే అంకె కచ్చితంగా ఉండదు. అయినా అదే ఫోనుతో ముందూ వెనకా పోల్చుకోవడానికి పనికొస్తుంది. మొదట 56 డెసిబెల్స్ దగ్గర ఉండేది, సందులు మూశాక 51కి వచ్చింది. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, పది డెసిబెల్స్ తగ్గితే చెవికి చప్పుడు దాదాపు సగమైనట్టు ఉంటుంది.

మిగతా సగం పని రెండో పొర చేసింది. మన ఇళ్లలో బయటి గోడ మామూలుగా తొమ్మిది అంగుళాలు ఉంటుంది, కిటికీ ఫ్రేమును బయటి వైపుకు జరిపి పెడతారు. అందుకే లోపలి వైపు నాలుగైదు అంగుళాల గూడులాగా మిగులుతుంది. ఆ గూడులో సరిపోయేలా చిన్నాన్న చెక్క చట్రం చేసి, అందులో 6 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు బిగించాడు. గాజైతే ఇంకా బరువు, శబ్దాన్ని ఇంకా బాగా ఆపుతుంది. కానీ అమ్మ ఒక్కతే ఎత్తి తీయగలగాలని యాక్రిలిక్ పెట్టాం. పాత అద్దానికీ దీనికీ మధ్య పది సెంటీమీటర్ల దాకా ఖాళీ వచ్చింది. ఆ ఖాళీ చాలా ముఖ్యం. రెండు పొరలూ అతుక్కున్నట్టు ఉంటే ఇంత లాభం రాదు. ఇది పెట్టాక ఫోను 44 చూపించింది. ఆటోలు, బైకులు, మాటలు దాదాపు వినపడకుండా పోయాయి. బస్సు గేరు మార్చేటప్పుడు వచ్చే బొంగురు మోత మాత్రం పూర్తిగా పోలేదు. అలాంటి లోతైన శబ్దాన్ని ఆపడం చాలా కష్టం, అది పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోకండి. అయినా అమ్మ మొదటి రాత్రి ఐదున్నర దాకా పడుకుంది. ఆ పొద్దున నేను ఎంత తేలికపడ్డానో మాటల్లో చెప్పలేను.

మీది అల్యూమినియం స్లైడింగ్ కిటికీ అన్నారు. దానికి రబ్బరు పట్టీలతో పూర్తిగా సందు మూయలేం, జరగడానికి కొంత ఖాళీ ఉండాల్సిందే. అంచుల్లో బ్రష్‌లాంటి పట్టీ ఉంటుంది చూడండి, అది అరిగిపోయి ఉంటే మార్పించండి. కింద పట్టాలో నీళ్లు పోవడానికి వదిలిన రంధ్రాలు మాత్రం మూయకండి, వానకు నీళ్లు లోపలికి వస్తాయి. మీకు అసలు పరిష్కారం లోపలి చట్రమే. డబ్బంతా దానికే పెట్టండి. ఇల్లు మారినప్పుడు తీసుకెళ్లొచ్చు కూడా.

ఇప్పుడు గాలి సంగతి. ఇది తేలిగ్గా తీసుకోకండి, ముఖ్యంగా పాప ఉంది కాబట్టి. గదికి ఆనుకున్న బాత్రూములో గ్యాస్ గీజర్ ఉంటే గదిని ఇలా బిగించొద్దు. గాలి ఆడని చోట గీజర్ మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ముందు గీజర్‌ను ఆరుబయటికి మార్పించండి. మేము రాత్రి బెడ్‌రూమ్ తలుపు తీసిపెట్టి, వెనక వంటింటి కిటికీ తెరిచి ఉంచేవాళ్లం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తిరుపతి ఎండకు అది చాలదు, ఏసీ వేయక తప్పలేదు. పగలు చట్రం తీసి గది గాలాడనివ్వండి. రాత్రి ఏదైనా జరిగితే ఒక్క చేత్తో లాగేలా చట్రానికి పిడి పెట్టించండి.

రూపాయి ఖర్చు లేకుండా ఈ రాత్రే చేయగలిగింది ఒకటుంది. పాప పడుకునే చోటును కిటికీ గోడకు దూరంగా జరపండి, వీలైతే వెనక గదికి మార్చండి. మీకు వెనక గది ఖాళీగా ఉంటే నేనైతే ఇంకేమీ చేయకుండా ముందు అదే చేస్తాను.

నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదని, శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. రోడ్డు మీద అది అమలైతే మనకు ఈ తిప్పలే ఉండవు. మేలో గంగజాతర వారం డప్పులు మోగుతాయి, ఆ వారం నిద్ర చెడినా నాకు బాధ లేదు, అది మన ఊరి పండగ. ఏడాదంతా ఆగని హారన్లకు పసిపిల్లలూ పెద్దవాళ్లూ నిద్ర పోగొట్టుకోవడమే కడుపు మండిస్తుంది.

ఓనరుతో మాట్లాడేటప్పుడు శబ్దం గురించి ఎత్తకండి. కిటికీ అంచుల నుంచి వాన నీళ్లు, దుమ్ము వస్తున్నాయని చెప్పి, మీ ఖర్చుతోనే పట్టీలు, సిలికాన్ వేయించుకుంటామని అడగండి. మా ఓనరు దానికి వెంటనే ఒప్పుకున్నారు. చట్రానికైతే అడగాల్సిన పనే లేదు, అది మీ సామాను.

వడ్రంగి దగ్గరికి పోయేముందు కిటికీ గూడును పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవండి. ఎత్తు కూడా అలాగే ఎడమ, మధ్య, కుడి కొలవండి. మన గోడలు ఎప్పుడూ ఒకే కొలతలో ఉండవు. వచ్చిన వాటిలో అన్నిటికన్నా చిన్న అంకె తీసుకుని, చట్రం చుట్టూ వేసే రబ్బరు పట్టీ అణిగాక ఎంత మందం ఉంటుందో అది రెండు వైపులా తీసేసి చట్రం చేయించండి.